గోండోర్‌లో రాజెందుకు లేడు?

కథల్లో తేదీలు పట్టుకుని వేలాడేవాళ్ళంటే లోకానికి కాస్త చులకన. "ఎల్ఫులున్నారంటే ఒప్పుకున్నావు, ఓర్కులున్నారంటే ఒప్పుకున్నావు, ఓ కోట వెయ్యేళ్ళు ఆలస్యంగా కూలిందంటే మాత్రం ఒప్పుకోవా?" అని నవ్వుతారు. మధ్యాహ్నం నాతో క్యారేజీ విప్పే మిత్రులు ఈ మాట చాలాసార్లే అన్నారు. ప్రశ్న న్యాయమైనదే. దానికి "అంత గొప్ప రచయితని అవమానిస్తారా" అని కోప్పడితే జవాబైపోదు. అసలు ఏం పోయిందో లెక్క చూపించాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనం చేసే ఉద్యోగమే అది కాబట్టి, నాకు చేతనైన పద్ధతిలో ఆ లెక్క వేస్తాను.

నేను చెప్పబోయేది టోల్కీన్ ప్రపంచం మీద వచ్చిన రెండు గేముల సంగతి. మోనోలిత్ ప్రొడక్షన్స్ అనే అమెరికన్ స్టూడియో 2014లో 'మిడిల్ ఎర్త్: షాడో ఆఫ్ మోర్డోర్', 2017లో దానికి తరువాయి 'షాడో ఆఫ్ వార్' తెచ్చింది. కథానాయకుడు టాలియన్. మోర్డోర్ వాకిట్లో, నల్ల ద్వారం దగ్గర కాపలా కాసే గోండోర్ వీరుడు. ఓ రాత్రి సౌరాన్ మనుషులు మీదపడి అతని భార్యనీ, కొడుకునీ, అతణ్ణీ చంపేస్తారు. చచ్చినవాడు చావకుండా, కెలెబ్రింబోర్ అనే ఎల్ఫు ఆత్మ అతన్ని అంటిపెట్టుకుంటుంది. (పూర్వం శక్తి ఉంగరాలు తయారుచేసిన కంసాలి ఇతనే.) ఇద్దరూ కలిసి పగ తీర్చుకోవడానికి బయల్దేరతారు. ఇదంతా 'హాబిట్' కథకీ 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' కథకీ మధ్య జరిగినట్టు చెప్పారు.

ముందే చెప్పేస్తున్నాను, ఆటగా రెండూ నాకు బాగా నచ్చాయి. ముఖ్యంగా 'నెమెసిస్' అని వాళ్ళు పేరు పెట్టుకున్న ఏర్పాటు. మనల్ని చంపిన మామూలు ఓర్కుకి పదోన్నతి వస్తుంది. వాణ్ణి మంటల్లో తోసి వెళ్ళిపోతే, కాలిన మొహంతో మళ్ళీ ఎదురొచ్చి "ఆ రోజు ఏం చేశావో గుర్తుందా" అని నిలదీస్తాడు. దీని మీద వార్నర్ బ్రదర్స్ వాళ్ళకి 2021లో అమెరికాలో పేటెంటు కూడా వచ్చింది. మోనోలిత్‌ని మాత్రం ఆ వార్నర్ వాళ్ళే 2025 ఫిబ్రవరిలో మూసేశారు. అది వేరే బాధ.

ఇక లెక్కలోకి వద్దాం. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మూడో సంపుటం చివర అనుబంధాలున్నాయి. సినిమాలు చూసినవాళ్ళకి వీటి సంగతి తెలియకపోవచ్చు. అందులో రెండోది, అనుబంధం బి, అచ్చంగా సంవత్సరాల పట్టిక. బిల్బో సాహసయాత్ర మూడో యుగం 2941లో. సౌరాన్ మోర్డోర్‌కి తిరిగొచ్చింది 2942లో. తనెవరో బాహాటంగా ప్రకటించుకున్నది 2951లో. ఉంగరం నాశనమైంది 3019లో. కాబట్టి టాలియన్ కథ ఎక్కడో ఈ డెబ్భై ఎనభై ఏళ్ళ మధ్యన ఇమడాలి. ఇప్పుడు గేములో జరిగినవాటిని ఈ పట్టిక పక్కన పెట్టి చూడండి.

ఒకటి. నల్ల ద్వారం దగ్గర గోండోర్ కాపలా. పుస్తకం ప్రకారం 1636లో గోండోర్‌లో మహమ్మారి వచ్చింది. రాజూ, ఆయన పిల్లలూ అందరూ పోయారు. జనం పెద్ద సంఖ్యలో పోయారు. 1640కల్లా రాజధాని ఆస్గిలియాత్ నుంచి మినాస్ ఆనోర్‌కి మారింది, మోర్డోర్ మీద కాపలా ఆగిపోయింది. అంటే సౌరాన్ తిరిగొచ్చేనాటికి ఆ ద్వారం దగ్గర గోండోర్ మనిషన్నవాడు లేక పదమూడు వందల ఏళ్ళు.

రెండు. 'షాడో ఆఫ్ వార్' మొదట్లోనే మినాస్ ఇథిల్ ముట్టడి ఉంటుంది. నజ్గూల్ వచ్చి కోటని పట్టుకుంటారు, అది మినాస్ మోర్గుల్‌గా మారిపోతుంది. పుస్తకంలో ఇది 2000లో మొదలై 2002లో ముగిసిన ముట్టడి. గేములో కనీసం 940 ఏళ్ళు ముందుకి జరిపారు.

మూడు. తొమ్మిదిమంది నజ్గూల్. వీళ్ళు మొదట కనపడ్డది రెండో యుగం 2251 ప్రాంతంలో. రెండో యుగం 3441తో ముగిసింది. గేములో ఈ తొమ్మిదిమందిలో ఇసిల్డూర్ ఒకడు, రోహాన్ రాజు హెల్మ్ ఇంకొకడు. ఇసిల్డూర్ చనిపోయింది మూడో యుగం 2లో. హెల్మ్ చనిపోయింది 2759లో. కూడికలు వేస్తే, నజ్గూల్ పుట్టిన దాదాపు పన్నెండు వందల ఏళ్ళకి ఇసిల్డూర్, సుమారు 3950 ఏళ్ళకి హెల్మ్. చివరికి టాలియన్ కూడా ఇసిల్డూర్ ఉంగరం పెట్టుకుని ఆ గుంపులోనే కలుస్తాడు. అంటే తొమ్మిది ఖాళీలున్న జట్టులో పాతవాళ్ళు పోతే కొత్తవాళ్ళని తీసుకున్నారన్నమాట, మన ప్రాజెక్టుల్లో లాగా.

తెలియక చేశారని అనలేం. టోల్కీన్ 1969లో సినిమా తదితర హక్కులు అమ్మినప్పుడు ఇచ్చింది 'హాబిట్', 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రెండింటి మీదే. 'సిల్మరిలియన్' లాంటివి అందులో లేవు. గేములవాళ్ళకి వచ్చేదీ ఆ దారినే. అయితే నేను పైన చెప్పిన గోండోర్ చరిత్రంతా 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' అనుబంధాల్లోనే ఉంది. ఆ పట్టిక వాళ్ళ బల్ల మీదే ఉంది. చూసి, కావాలనే మార్చారు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఆటకి ఒకే నాయకుడు ఉండాలి, అతని జీవితకాలంలో చెప్పుకోదగ్గ యుద్ధాలన్నీ జరగాలి. 2950 ప్రాంతంలో మోర్డోర్ సరిహద్దులో అలాంటి మహా ముట్టడి ఏదీ లేదు. ఉన్న గొప్ప ముట్టడిని తెచ్చి ఇక్కడ పెట్టారు.

మరి మార్చడమే తప్పా? కాదు. పీటర్ జాక్సన్ మొదటి సినిమా (2001) చూడండి. పుస్తకంలో బిల్బో పుట్టినరోజు విందు 3001లో, ఫ్రోడో ఇల్లు వదిలింది 3018లో. మధ్యలో పదిహేడేళ్ళు. సినిమాలో గాండాల్ఫ్ అలా వెళ్ళి ఇలా వచ్చినట్టుంటుంది. అయినా నాకు ఏ ఇబ్బందీ లేదు. విందు ముందు, ఉంగరం గురించి వెతుకులాట తరవాత, ప్రయాణం ఆ తరవాత. వరస చెక్కు చెదరలేదు.

ఇక్కడ మన వృత్తిలోని ఓ పాత పాఠం పనికొస్తుంది. 1978లో లెస్లీ లాంపోర్ట్ రాసిన పేపరు మనలో చాలామంది చదివే ఉంటారు, లేదా చదివినట్టు ఇంటర్వ్యూల్లో చెప్పి ఉంటారు. నాలుగు మెషీన్ల గడియారాలు సరిగ్గా ఒకటే టైము చూపించాలని పట్టుబట్టనక్కర్లేదు. ఏది ఏ సంఘటనకి కారణమో, ఏది ముందో ఏది వెనకో, అది తప్పకపోతే చాలు. కథలకీ ఇదే కొలబద్ద అని నా అభిప్రాయం. తేదీ జరిగితే జరగనివ్వండి. కారణం వెళ్ళి ఫలితం వెనక కూచోకూడదు.

దీనికి మంచి ఉదాహరణ కూడా ఆటల్లోనే ఉంది. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ఆన్‌లైన్' 2007లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఫ్రోడో ఇల్లు వదిలింది 3018 సెప్టెంబరు 23న, ఉంగరం నాశనమైంది 3019 మార్చి 25న. పుస్తకంలో ఆర్నెల్ల కథ. ఈ గేము మోరియా గనులకి చేరేసరికి 2008, మోర్డోర్ చేరేసరికి 2017. పదేళ్ళు పట్టింది! పైగా ఒక్కో ప్రాంతం కథలో తన తేదీ దగ్గరే ఆగి ఉంటుంది. బ్రీ ఊళ్ళో ఇంకా ప్రయాణం మొదలైన రోజులే, గోండోర్‌కి వెళితే వసంతం, యుద్ధం. ఒకే గడియారం లేదు. అయినా మన ఆటగాడి కథ పుస్తకంలోని ఖాళీల్లో నడుస్తుంది, పుస్తకంలో జరగాల్సినవి వరసగా జరుగుతూనే ఉంటాయి.

ఆ మాటకొస్తే మన 'మాయాబజార్' (1957) చేసిందీ ఇదే. శశిరేఖ వ్యాసభారతంలో లేదు. ఎవడైనా ఫిర్యాదు చేశాడా? పాండవుల అరణ్యవాసంలో ఉన్న ఖాళీ చూసుకుని కథ అక్కడ పెట్టారు, పాండవుల్ని అసలు తెర మీదకే తీసుకురాలేదు. సినిమా అయిపోయాక భారతం ఎక్కడ వదిలామో అక్కడే ఉంటుంది. ఉత్తర పెళ్ళికీ అడ్డం లేదు, పద్మవ్యూహానికీ అడ్డం లేదు. లేని పెళ్ళి చేశారు గానీ, ఉన్న యుద్ధాన్ని కదపలేదు.

మరి మినాస్ ఇథిల్‌ని కదిపితే ఏమైంది? దీనికి నాకంటే బాగా జవాబు చెప్పింది మా అక్కయ్య కొడుకు. ఇంజనీరింగు మూడో ఏడు. 'షాడో ఆఫ్ వార్' రెండుసార్లు పూర్తిచేశాకే పుస్తకం పట్టుకున్నాడు. ఓ ఆదివారం ఫోను చేశాడు.

"మావయ్యా, గోండోర్‌లో రాజెందుకు లేడు? డెనెథార్ ఉత్త స్టీవార్డేనట. రాజేమయ్యాడు?"

"చివరి రాజు ఇయార్నూర్ అని ఉండేవాడ్రా. నజ్గూల్ నాయకుడు ద్వంద్వ యుద్ధానికి రమ్మని రెచ్చగొడితే 2050లో మినాస్ మోర్గుల్‌కి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. వారసుడూ లేడు. అప్పట్నించీ స్టీవార్డులే నడుపుతున్నారు."

"అదెలా కుదురుతుంది? అప్పటికి మినాస్ మోర్గుల్ ఎక్కడిది? బిల్బో ఇంటికెళ్ళాక కదా అది పడిపోయింది. నేనే దగ్గరుండి కాపాడబోయాను."

నాకు నవ్వొచ్చింది గానీ వాడు పట్టుకున్నది అసలైన బగ్గు. మినాస్ ఇథిల్ శత్రువు చేతికి పోయింది, అందుకే అక్కడ నజ్గూల్ నాయకుడు కొలువు తీరాడు, అందుకే చివరి రాజు అక్కడికెళ్ళి మాయమయ్యాడు, అందుకే తొమ్మిది వందల అరవై తొమ్మిదేళ్ళు సింహాసనం ఖాళీగా ఉంది, అందుకే మూడో సంపుటానికి 'రాజు తిరిగి రావడం' అన్న పేరుకి అర్థముంది. ఈ గొలుసులో కోట కూలడాన్ని తీసి 2950 దగ్గర పెడితే, రాజు లేకపోవడానికి కారణం మిగలదు. డేటాబేసు భాషలో చెప్పాలంటే తల్లి వరసని చెరిపేశారు, పిల్ల వరసలన్నీ గాల్లో వేలాడుతున్నాయి. డెనెథార్ పుట్టింది 2930లో. గేము లెక్కన ఆయన బతికుండగానే ఆ కోట పడిపోయి ఉండాలి. పుస్తకంలో గోండోర్ జనానికి మినాస్ మోర్గుల్ అంటే తాతముత్తాతల నాటి గాయం, ఎవరికీ కళ్ళారా తెలియని భయం. గేములో అది మొన్న మొన్న జరిగిన పరాజయం.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది మాత్రం మొదటి మార్పు, నల్ల ద్వారం కాపలా. టోల్కీన్ పట్టికలో 1636 నుంచి చదువుకుంటూ రండి. మహమ్మారి. మనుషులు చాలక కాపలా ఎత్తేశారు. 1640 నుంచి 1980 దాకా, మూడు వందల నలభై ఏళ్ళు, మోర్డోర్ వైపు నుంచి ఏమీ కాలేదు. (ఈ 'ఏమీ కాలేదు' అన్నదాన్ని గుర్తుంచుకోండి.) 1980లో నజ్గూల్ నాయకుడు చడీచప్పుడూ లేకుండా మోర్డోర్‌లోకి వచ్చి తనవాళ్ళని పోగేశాడు. చూసేవాడే లేడు. ఇరవై ఏళ్ళకి ముట్టడి. మోర్డోర్ లోంచి ఏదీ బయటికి రాకుండా గోండోర్ కట్టించిన కిరిత్ ఉంగోల్ బురుజులోనే చివరికి ఓర్కులు కాపురం పెట్టారు. ఇందులో ఒక్క రాత్రి జరిగిన ద్రోహం ఏదీ లేదు. ఆ రోజుకారోజు సబబుగానే కనిపించిన నిర్ణయాలు వరసగా పేర్చితే వచ్చిన ఫలితం ఇది.

గేము దీన్నంతా తీసేసి, కాపలా చివరి క్షణం దాకా గట్టిగా ఉందనీ, ఓ రాత్రి శత్రువు వచ్చి కూల్చేశాడనీ చెప్పింది. నిర్లక్ష్యం పోయి దాని స్థానంలో దాడి వచ్చింది. పగ తీర్చుకునే కథకి అదే కావాలి మరి. నిర్లక్ష్యం మీద పగ ఎలా తీర్చుకుంటాం?

ఈ మార్పు నాకు బాగా తెలుసు. నేను ఉద్యోగంలో చూసిందే. కొన్నేళ్ళ కిందట ఓ క్లయింటు దగ్గర నెలాఖరు బ్యాచి రాత్రి రెండు గంటలకి ఆగిపోయింది. డిస్కు నిండిపోయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా లెక్కలు తేలలేదు, పెద్ద గొడవ. నన్ను వేరే ప్రాజెక్టు నుంచి పిలిచి, వాళ్ళు రాసిన కారణాల నివేదిక చూసిపెట్టమన్నారు. అందులో సంఘటన ప్రారంభం ఆ రాత్రి రెండుంపావు. కారణం, రాత్రి షిఫ్టు ఇంజనీరు హెచ్చరికని గమనించకపోవడం. ఆ ఇంజనీరు చేరి ఎనిమిది నెలలైన కుర్రాడు.

పాత మెయిళ్ళు, టిక్కెట్లు తిరగేస్తే వేరే పట్టిక బయటపడింది. మూడేళ్ళ కిందట రాత్రి షిఫ్టులో ఇద్దరుండేవారు. ఖర్చు తగ్గించడానికి ఒకరిని తీసేశారు. ఏమీ కాలేదు. తరవాత ఏడాది హెచ్చరికలు మరీ ఎక్కువైపోతున్నాయని కొన్నిటిని ఓ మెయిలు గ్రూపుకి మళ్ళించారు. ఏమీ కాలేదు. ఆ గ్రూపులోని నలుగురూ ఒకరి తరవాత ఒకరు కంపెనీ మారిపోయారు. అప్పుడూ ఏమీ కాలేదు. డిస్కు గురించిన హెచ్చరిక ఆ రాత్రి మనుషులెవరూ లేని ఆ గ్రూపుకే వెళ్ళింది. కుర్రాడి స్క్రీను మీదకి అది అసలు రాలేదు.

కాలక్రమం మూడేళ్ళ కిందటినుంచి మొదలుపెట్టమని రాసిచ్చాను. "అంత వెనక్కెళితే ఎవరూ చదవరండీ, రాత్రి రెండింటినుంచే ఉండనివ్వండి" అన్నారు అక్కడి మేనేజరుగారు. నివేదిక అలాగే పైకి వెళ్ళింది. ఆ ఏడాది ఆ కుర్రాడి రేటింగు పోయింది, కొన్నాళ్ళకి ఉద్యోగం మానేశాడని విన్నాను. ఆ మేనేజరుగారు దుర్మార్గుడేం కాదు. ఒక రాత్రి, ఒక మనిషి, ఒక తప్పు ఉంటే కథ పొట్టిగా, చక్కగా ఉంటుంది. మూడేళ్ళ 'ఏమీ కాలేదు'ని కథగా చెప్పడం కష్టం. అందుకే కాలక్రమాన్ని నొక్కేస్తాం. నొక్కేటప్పుడు ముందు జారిపోయేది కారణం. అది పోయాక చివర్లో నిలబడ్డవాడే దొరుకుతాడు.

టోల్కీన్‌కి ఇలాంటి చిక్కులు రాలేదని కాదు. 1944లో కథ సగంలో ఉండగా, తన చంద్రుడు ఒకచోట ఉదయిస్తూ అదే వేళకి ఇంకోచోట అస్తమిస్తున్నాడని గమనించి కొడుక్కి ఉత్తరం రాసుకున్నాడు. అదేదో ఎవరూ చూడరులే అని వదల్లేదు, వెనక్కెళ్ళి అధ్యాయాలు సరిచేశాడు. ఇంకా పెద్దది 'హాబిట్' వ్యవహారం. 1937 ముద్రణలో గొల్లుమ్ పందెం ఓడితే ఉంగరాన్ని కానుకగా ఇచ్చేయడానికి సిద్ధపడతాడు. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసేసరికి అది పొసగలేదు. అంత శక్తిగల ఉంగరాన్ని ఎవడిస్తాడు? 1951 ముద్రణలో ఆ అధ్యాయం మార్చాడు. అక్కడితో ఆగలేదు. పాత ముద్రణలో ఉన్నది బిల్బో చెప్పిన అబద్ధమనీ, ఉంగరం తనదే అనిపించుకోవడానికి అలా చెప్పాడనీ కొత్త కథలో రాశాడు. పాత రికార్డుని చెరపలేదు, అది ఎందుకలా ఉందో కారణం జతచేశాడు. ఆ కారణం వల్ల ఉంగరం మీద భయం ఇంకాస్త పెరిగింది. డేటా మైగ్రేషను ఇంత శుభ్రంగా చేసినవాళ్ళని నేను ఉద్యోగంలో ఇద్దరు ముగ్గుర్ని చూసి ఉంటాను, అంతే.

కాబట్టి మిత్రులడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది. వెయ్యేళ్ళు అటూ ఇటూ అయితే అంకెలు మారినంత మాత్రాన నాకేం పోలేదు. "కాపలా మానేస్తే ఏమవుతుంది" అన్న ప్రశ్న కథలోంచి పోయింది. అది పోయాక మిగిలింది మంచి ఆట, మామూలు పగ. కాల్చిన మొహాన్ని ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకునే ఓర్కుల్ని తయారుచేసిన బృందమే, ఓ రాజ్యం తన ద్వారాన్ని తానే వదిలేసుకున్న సంగతిని పక్కకి పెట్టేసిందంటే విచిత్రంగానే ఉంటుంది.

మా మేనల్లుడికి ఆట మానెయ్యమని చెప్పలేదు, మీకూ చెప్పను. ఓర్కుల కోసమైనా ఆడాల్సిందే. అయిపోయాక మాత్రం అనుబంధం బి తెరిచి 1636 నుంచి 2050 దాకా చదవండి. ఒకటి రెండు పేజీలు, పది నిమిషాల పని. ఆ తరవాత వీలైతే, మీ ప్రాజెక్టులో హెచ్చరికలు వెళ్ళే మెయిలు గ్రూపు తెరిచి, అందులో ఇప్పుడు ఎవరెవరున్నారో ఒకసారి చూడండి.